గోడ దగ్గర తెలిసే పూల్: తిరుపతిలో ఒక 25 మీటర్ల కొలను, దాని కోచింగ్

ఈ పూల్ పేరెత్తగానే వచ్చే మొదటి ప్రశ్న ఒకటే. "25 మీటర్లేనా? 50 లేదా?" అడిగేది ఎక్కువగా ఈత నేర్చేసుకుని, జిల్లా పోటీలకు పోదామనుకుంటున్న పిలకాయల అమ్మానాన్నలు. తిరుచానూరు వైపు ఉన్న ఈ ప్రైవేటు పూల్ పొడవు 25 మీటర్లు, లేన్లు 6, పైకప్పు లేదు. ఒక కొసన లోతు 1.1 మీటరు, రెండో కొసన 1.8. పేరు రాయడం లేదు, ఎందుకంటే మెప్పుతో పాటు తప్పులూ రాస్తున్నాం. స్టీలు టేపు, నీటి టెస్ట్ కిట్, స్టాప్‌వాచ్ పట్టుకుని పొద్దున రెండు పూటలు, సాయంత్రం రెండు పూటలు చూసి రాసిన రివ్యూ ఇది. ఎండాకాలం సరదాకు నీళ్ళలో దిగేవాళ్ళకు ఇందులో సగం పనికిరాదు. పోటీ ఈతకు, అందులోనూ కప్ప ఈతకు, అదే బ్రెస్ట్‌స్ట్రోక్‌కు, పిల్లల్ని పంపాలనుకునేవాళ్ళు చదువుకోవచ్చు.

25 అనగానే మొహం చిట్లించే ముందు ఆలియా ఆట్కిన్సన్ లెక్క ఒకసారి చూడాలి. ఆమెది జమైకా. ఆ దేశం సుమారు 11 వేల చదరపు కిలోమీటర్లు, జనం 30 లక్షల లోపు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా 15 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, 2011 లెక్కల్లో జనం 41 లక్షల పైన. అంటే పాత జిల్లా కంటే చిన్న దేశం, అదీ పరుగు పందేలకు పేరుపడ్డ దేశం. 1988లో పుట్టిన ఆలియా 2004 ఏథెన్స్ మొదలు టోక్యో దాకా ఐదు ఒలింపిక్స్‌లో ఈదింది. 2012 లండన్‌లో 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ సెమీఫైనల్లో ఎనిమిదో స్థానానికి ఇద్దరు సమానంగా వచ్చారు. కెనడా అమ్మాయితో విడిగా మళ్ళీ ఈదించారు. ఆ స్విమ్-ఆఫ్ గెలిచి ఫైనల్‌కు పోయి, అక్కడ నాలుగో స్థానంలో ఆగింది. రెండేళ్ళు తిరిగాక, 2014 డిసెంబరులో, దోహాలో జరిగిన షార్ట్ కోర్స్ ప్రపంచ పోటీల్లో అదే 100 మీటర్లను 1 నిమిషం 2.36 సెకండ్లలో ముగించి స్వర్ణం తీసుకుంది. లిథువేనియాకు చెందిన రూటా మెయిలుటీటె పేరు మీదున్న ప్రపంచ రికార్డుతో అది సరిసమానం. ఆ రూటానే ఆ పోటీలో 0.10 సెకండు వెనకబడి రెండోదిగా వచ్చింది. ఈతలో ప్రపంచ టైటిల్ గెలిచిన తొలి నల్లజాతి మహిళ ఆలియా.

షార్ట్ కోర్స్ అంటే 25 మీటర్ల కొలను. అసలు లెక్క ఇక్కడుంది. 2015 ఆగస్టులో కజాన్‌లో, 50 మీటర్ల కొలనులో, ఇదే ఆలియా ఇదే 100 మీటర్లను 1 నిమిషం 6.42 సెకండ్లలో ఈది కాంస్యం గెలిచింది. రెంటికీ మధ్య ఎనిమిది నెలలు. టైములో తేడా 4.06 సెకండ్లు. ఎనిమిది నెలల్లో ఈత మర్చిపోయి ఉండదు కదా! 50 మీటర్ల కొలనులో 100 మీటర్లకు ఒక్కటే టర్న్, అంటే గోడ తాకి వెనక్కి తిరగడం, 25లో మూడు. ఆ నాలుగు సెకండ్లలో ఎక్కువ భాగం అదనంగా దొరికిన రెండు గోడల దగ్గరే వచ్చింది.

ఎందుకంటే కప్ప ఈతలో ప్రతి కిక్‌కూ ముందు వేగం చచ్చిపోతుంది. మోకాళ్ళు మడవగానే తొడలు నీటికి అడ్డం పడతాయి. మిగతా మూడు ఈతల్లో ఈ బాధ ఇంతగా ఉండదు. గోడను తన్ని నీటి అడుగున బాణంలా పోయేటప్పుడు మాత్రం తొడల అడ్డం లేదు, పైన లేచే అల లేదు, తన్నిన ఊపు మొత్తం ముందుకే పోతుంది. అందుకే టర్న్ బాగా చేసే బ్రెస్ట్‌స్ట్రోక్ ఈతగాళ్ళకు చిన్న కొలను కలిసొస్తుంది. ఆలియా అమెరికాలో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ తరఫున ఈదింది. అక్కడి కాలేజీ పోటీలు జరిగేది 25 గజాల కొలనుల్లో, అంటే 22.86 మీటర్లు, ఇంకా పొట్టి. 50 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో ఆమె షార్ట్ కోర్స్ ప్రపంచ రికార్డులు 2016లో 28.64, 2018లో 28.56. రెండూ ఒక్క టర్న్ ఉన్న పోటీలే.

కాబట్టి ఈ పూల్‌ను పొడవు చూసి తీసేయకుండా గోడల దగ్గరికి పోయి చూశాం. అక్కడ మంచీ ఉంది, చెడ్డా ఉంది.

ముందు పొడవే. స్టీలు టేపుతో, ఇద్దరు చెరో కొసన గట్టిగా లాగి పట్టుకుని, నీటి మట్టానికి కాస్త పైన, ప్రతి లేన్ మధ్యలో కొలవాలి. టేపు మధ్యలో జారి వేలాడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. 1 నుంచి 4వ లేన్ దాకా 25 మీటర్లకు ఒక సెంటీమీటరు అటు ఎక్కువే వచ్చింది, మంచిది. 5వ లేన్‌లో 24.97. ఆ కొసన ఊడిన టైల్స్ కింద సిమెంటు మందంగా పూసి మళ్ళీ అతికించారు, గోడ 3 సెంటీమీటర్లు లోపలికి వచ్చేసింది. నిబంధన ప్రకారం పోటీ కొలను కాస్త పొడవు ఎక్కువ ఉండొచ్చు గానీ, వెంట్రుకవాసి కూడా తగ్గకూడదు. 3 సెంటీమీటర్లకే ఇంత గొడవా అనకండి. 100 మీటర్లకు నాలుగు పొడవులు, 12 సెంటీమీటర్లు. 100 మీటర్లను 1 నిమిషం 25 సెకండ్లలో ఈదే పిల్లకు అది సరిగ్గా 0.10 సెకండు. దోహాలో స్వర్ణానికీ రజతానికీ మధ్య ఉన్నది అంతే. 5వ లేన్‌లో తీసిన టైము చూసి మురిసిపోయిన పిల్ల పోటీలో అదే ఈత ఈది "తగ్గిపోయాను" అని ఏడుస్తుంది. తగ్గింది గోడ.

రెండోది గోడ పట్టు. టర్న్‌లో పాదాలు ఆనేది నీటి మట్టానికి మూరెడు లోతున. లోతు వైపు గోడకు అక్కడ గరుకు టైల్స్ వేశారు, పాదం అంటుకున్నట్టే నిలుస్తుంది. లోతు తక్కువ వైపు మాత్రం ఇంట్లో బాత్రూముకు వేసే నున్నటి మెరుపు టైల్స్. పక్కవాటుగా తన్నినప్పుడు పాదం జారుతుంది. ఒకసారి జారిన పిల్లలు తర్వాత తెలియకుండానే మెల్లగా తన్నడం మొదలుపెడతారు, ఆ అలవాటు మంచి గోడ దగ్గరకూ వెంట వస్తుంది. దీనికి తోడు బోరు నీళ్ళ ఉప్పు. నీటి గీత వెంబడి తెల్లగా పొర కట్టి, గీసుకుంటే చర్మం లేచే పొక్కులు ఉన్నాయి. వారానికోసారి నైలాన్ బ్రష్‌తో రుద్దితే పోయే పని. యాసిడ్ పోసి కడిగితే టైల్స్ సందుల్లోని సిమెంటే తినేస్తుంది, ఆ తర్వాత టైలు ఊడటం, మళ్ళీ అతికించడం, మళ్ళీ 24.97.

మూడోది నీటి మట్టం. ఇది ఓవర్‌ఫ్లో పూల్. గట్టు మీది జాలీలోకి నీళ్ళు పొర్లుతూ ఉండాలి. పొద్దున మోటారు నడుస్తున్నంతసేపు అట్లే ఉంది. సాయంత్రం, పొర్లిన నీళ్ళు చేరే బ్యాలెన్స్ ట్యాంకులో నీళ్ళు చాలక పంపు ఆపేశారు, మట్టం గట్టు కంటే జానెడు దిగింది. దానితో రెండు నష్టాలు. పొర్లే గట్టు అలను మింగేస్తుంది. మట్టం దిగితే అల గోడకు కొట్టుకుని తిరిగొచ్చి, టర్న్‌కు వచ్చే పిల్లల మొహం మీదే పడుతుంది. ఇంకోటి, గట్టు అంచు చేతికి అందే కమ్మీలా మారుతుంది. పిలకాయలు దాన్ని పట్టుకుని వేలాడి, ఒళ్ళు పైకి లాక్కుని తిరుగుతారు. పైకి లేచిన ఒళ్ళు మళ్ళీ కిందికి దిగాలి కదా, టైము అక్కడే పోతుంది. ఎలక్ట్రానిక్ టైమింగ్ ఉన్న పోటీల్లో గోడకు ఒక సెంటీమీటరు మందం టచ్ ప్యానెల్ ఉంటుంది, అరచేయి ఆనించి తోయాలి తప్ప వేలాడే పట్టు దొరకదు. గట్టు పట్టుకునే అలవాటున్న పిల్ల అక్కడ తడుముకుంటుంది.

గుర్తుల సంగతి. నేల మీది నల్ల గీత గోడకు 2 మీటర్ల ముందు ఆగి అడ్డగీతతో ముగియాలి, ఇక్కడ ఆరు లేన్లలోనూ సరిగ్గా ఉంది. గోడ మీది ప్లస్ గుర్తు కూడా ఉంది, రంగు వెలిసింది. కానీ బ్యాక్‌స్ట్రోక్ జెండాలు! గోడకు 5 మీటర్ల దూరాన, నీటికి 1.8 మీటర్ల ఎత్తున కట్టాల్సినవి ఒక వైపు 4.2 మీటర్ల దగ్గర కట్టారు, స్తంభం అక్కడ ఉందని. వెల్లకిలా వచ్చే పిల్ల జెండా చూసి చేతులు లెక్కబెట్టుకుని గోడకు తిరుగుతుంది. 80 సెంటీమీటర్లు తేడా అంటే దాదాపు ఒక చేతి ఊపు. తల గోడకు తగులుతుంది. ఇది రివ్యూలో రాసి వదిలేసే విషయం కాదని చూసినరోజే చెప్పాం. తాడు మార్చడం అరగంట పని.

లోతు విషయంలో మేనేజ్‌మెంట్‌ను మెచ్చుకోవాలి. స్టార్టింగ్ బ్లాకులు, అంటే పోటీ మొదట్లో దూకే దిమ్మెలు, లోతు వైపు మాత్రమే పెట్టారు, ఎత్తు కూడా నీటికి 0.75 మీటరు లోపే ఉంది. బ్లాకు ఉన్న చోట గోడకు 1 మీటరు నుంచి 6 మీటర్ల దాకా కనీసం 1.35 మీటర్ల లోతు ఉండాలనేది నియమం. 1.1 మీటర్ల వైపు నుంచి తల కిందుగా దూకొద్దని రాసిన బోర్డూ ఉంది, విజిలూ ఉంది. కాస్త పెద్ద పిలకాయలు అటు నుంచి దూకబోతే లైఫ్‌గార్డ్ గట్టిగా అరిచి ఆపడం రెండుసార్లు కనిపించింది. మన పల్లెల్లో బెండు కట్టుకుని బావిలో నేర్చినవాళ్ళకు లోతంటే భయముండదు, తక్కువ లోతంటేనే భయపడాలని ఎవరూ చెప్పరు. మెడ విరిగేది అక్కడే.

కానీ ఆ 1.1 మీటర్ల వైపు వల్ల కప్ప ఈతకు ఓ ఇబ్బంది ఉంది. గోడ తన్నాక పిల్ల అర మీటరు పైగా లోతున పోవాలి, అలల కిందికి దిగాలంటే అంత కావాలి. ఆ లోతులో కాళ్ళు మడిచి కిక్ కొడితే మోకాలు నేలకు దగ్గరగా వస్తుంది. పొడుగు పిల్లలు భయపడి పైపైనే తన్నేస్తున్నారు. ఫలితంగా ఒక కొసన చేసే టర్న్ ఒకలా, రెండో కొసన ఇంకోలా తయారైంది. కోచ్ గారు దీన్ని గమనించి, పుల్‌ఔట్ సాధన, అంటే గోడ తన్నాక నీటి అడుగున చేసే లాగుడు, మొత్తం లోతు గోడ దగ్గరే పెట్టారు. తెలివైన పని.

ఇప్పుడు అసలు సరుకు, కోచింగ్. పోటీ బ్యాచ్‌లో 14 మంది, ఒక కోచ్, ఒక అసిస్టెంటు. టర్న్ నేర్పే తీరు చూశాం, మా మార్కులన్నీ దానికే.

పిల్లల్ని ముందు 10 మీటర్ల నుంచి గోడకు పంపుతారు. నేల మీది అడ్డగీత తల కిందికి రాగానే ఇంకా 2 మీటర్లే అని తెలుస్తుంది. చివరి స్ట్రోక్ ముగిసి రెండు చేతులూ పూర్తిగా చాచి ఉన్నప్పుడే గోడ తగలాలి. సగం స్ట్రోక్‌లో గోడ వస్తే మోచేతులు మడిచి గుద్దుకుంటారు. ముందే చాచేస్తే జారుతూ జారుతూ వేగం పోయి గోడ చేరతారు. రెంటిలో ఏది తక్కువ నష్టం? చిన్న స్ట్రోక్ ఒకటి త్వరగా కొట్టడం. చచ్చిన గ్లైడ్ కంటే అది ఎప్పుడూ మేలు.

తగలడం రెండు చేతులతో, ఒకేసారి, చేతులు విడివిడిగా. ఒక అరచేయి మీద ఇంకో అరచేయి పెట్టి ఆనించినా తప్పే. రెండూ ఒకే ఎత్తులో ఉండాలన్న పట్టింపు లేదు, ఒకే క్షణంలో ఉండాలంతే. చిన్నపిల్లలు ఎక్కువగా డిస్‌క్వాలిఫై అయ్యేది ఇక్కడే. తిరిగే వైపు భుజం ముందే వాల్చేస్తారు, ఆ చెయ్యి గోడకు తగలకుండానే వెనక్కి పోతుంది. టర్న్ జడ్జి చెయ్యి ఎత్తేస్తాడు. కోచ్ గారి మందు సులువు: "రెండు చేతులకూ చల్లగా తగిలిందా?" అని ప్రతిసారీ అడుగుతారు. టైలు చల్లదనం రెండు అరచేతులకూ తెలిసిందాకా తల తిప్పకూడదు.

తగిలిన వెంటనే ఒక మోచెయ్యి పక్కటెముకల పక్కనుంచి వెనక్కి లాగాలి, మోకాళ్ళు పొట్టకు ముడుచుకోవాలి. రెండో చెయ్యి గోడ వదిలి చెవి పక్కనుంచి తలతో పాటు వస్తుంది. దాన్ని నీళ్ళమీద అర్ధచంద్రాకారంలో విసిరితే ఒళ్ళు తిరగబడి మెలికపడుతుంది. పాదాలు గోడ మీద పక్కవాటుగా ఆనాలి. కాళ్ళు గోడ వదిలే క్షణానికి ఛాతీ కిందికి తిరిగి ఉండాలి. వెల్లకిలాగా ఉండి తన్నితే తప్పు కింద రాస్తారు. ముడుచుకునేటప్పుడు మోకాళ్ళు ఎంత చిన్నగా మడిస్తే అంత వేగంగా తిరుగుతారు. ఇక్కడి పిల్లల్లో సగం మంది కాళ్ళు బారుగా వదిలేసి తిరుగుతున్నారు, అది ఇంకా దిద్దాలి.

తర్వాత పుల్‌ఔట్. నీటి అడుగున ఒక్కసారి మాత్రమే చేతుల్ని తొడల దాకా లాగే అవకాశం ఉంది, మిగతా అన్ని స్ట్రోక్‌లలో చేతులు తుంటి గీత దాటకూడదు. మొదటి కప్ప కిక్‌కు ముందు ఒకే ఒక్క బటర్‌ఫ్లై కిక్, రెండు కాళ్ళూ కలిపి చేప తోకలా కొట్టేది, కొట్టొచ్చు. రెండు కొడితే ఇంటికే. రెండో స్ట్రోక్‌లో చేతులు బాగా విడిపోయి లోపలికి తిరిగేలోపు తల నీటి పైకి రావాలి. కోచ్ గారి వరస ఇది: తన్ను, బాణం, బటర్‌ఫ్లై కిక్, చేతులు తొడల దాకా, మళ్ళీ నిశ్చలం, చేతులు పొట్టకు ఆనించుకుంటూ ముందుకు, కప్ప కిక్, పైకి. ఇందులో పిలకాయలు పాడుచేసేది బాణాన్ని. గోడ తన్నిన వేగం చేతి లాగుడు వేగం కంటే ఎక్కువ. ఆ వేగం ఉండగానే చేతులు తెరిస్తే ఉన్న వేగానికి బ్రేకు వేసినట్టే. అలాగని మొత్తం ఆగిపోయేదాకా బాణంలా పడుకున్నా నష్టమే. ఎప్పుడు తెరవాలో ఒక్కొక్కరికి ఒక్కో లెక్క. కనుక్కునే పద్ధతి కూడా ఇక్కడ చూశాం. పిల్లల్ని ఊరికే తన్నించి, కిక్ లేకుండా, చేతులు తెరవకుండా పోనిచ్చి, వేగం ఎక్కడ తగ్గిందో గట్టు మీద సుద్దముక్కతో గీత గీశారు. ఆ గీతకు మూరెడు ముందు నుంచి లాగుడు మొదలుపెట్టాలి. ఐదుసార్లు చేయిస్తే పిల్లలకే తెలిసిపోతుంది.

స్టాప్‌వాచ్ వాడకం కూడా బాగుంది. మొత్తం 100 మీటర్ల టైము ఒక్కటే రాసుకోవడం కాకుండా, తల గోడకు 5 మీటర్ల దూరాన ఉన్నప్పుడు నొక్కి, తిరిగి 10 మీటర్లు దాటాక ఆపుతున్నారు. లేన్ తాడు మీద 5 మీటర్ల దగ్గర రంగు మారుతుంది, 10 మీటర్లకు గట్టు మీద టేపు అతికించారు. టర్న్‌కు అర సెకండు తగ్గితే మూడు టర్న్‌లకు 1.5 సెకండ్లు, ఊపిరితిత్తుల మీద అదనపు భారం లేకుండా. ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో పిల్ల పేరు కింద తేదీలతో ఉన్నాయి, అడిగితే తల్లిదండ్రులకు చూపిస్తారు. నోట్‌బుక్ చూపించని కోచ్ దగ్గర టైముల గురించి మాట్లాడటం దండగ.

లేన్ తాళ్ళు పాతవి. బిళ్ళలు నాలుగో వంతు పగిలాయి, వైరు వదులుగా ఉంది. బిగుతుగా ఉన్న తాడు మీది బిళ్ళలు తిరుగుతూ అలను విరగ్గొడతాయి, వదులుగా ఉంటే అలతో పాటు తామూ ఊగుతాయి. పక్క లేన్‌లో ఫ్రీస్టైల్ కొట్టే పెద్దపిల్లాడి అల కప్ప ఈత పిల్ల ఊపిరి తీసుకునే సమయానికి నోట్లో పడుతోంది. వైరు చివర దాన్ని బిగించే మర, టర్న్‌బకిల్, ఉంది, నాలుగు చుట్లు తిప్పితే చాలు. అది తుప్పు పట్టిందట. కొత్తది కొనమనండి.

నీళ్ళు. పొద్దున 6 గంటలకు ఫ్రీ క్లోరిన్ 2 పీపీఎం, పీహెచ్ 7.5, అడుగు గీతలు స్పష్టంగా కనిపించాయి. వంక పెట్టే పని లేదు. సాయంత్రం 6కు క్లోరిన్ 0.5, పీహెచ్ 8కి చేరువ, ముక్కుకు ఘాటు. ఘాటు వస్తే క్లోరిన్ ఎక్కువైందని అందరూ అనుకుంటారు, నిజం దానికి తలకిందులు. చెమట, మూత్రంతో కలిసిపోయి పని చేయని క్లోరిన్ ఇచ్చే వాసన అది, అసలు క్లోరిన్ చాలనప్పుడే పెరుగుతుంది. మన ఎండకు కప్పులేని పూల్‌లో క్లోరిన్ మధ్యాహ్నానికే విరిగిపోతుంది. వీళ్ళు రాత్రి ఒక్కసారే ద్రవ హైపోక్లోరైట్ పోస్తున్నారు, దానితో పీహెచ్ కూడా పైకి పోతుంది. పీహెచ్ పెరిగిన నీళ్ళలో ఉన్న క్లోరిన్ కూడా సరిగ్గా పని చేయదు. ఎండకు క్లోరిన్ విరగకుండా కాపాడే స్టెబిలైజర్ కలిపి, మధ్యాహ్నం ఇంకో చిన్న మోతాదు వేసి, పీహెచ్ దించితే సాయంత్రం బ్యాచ్ పిల్లల కళ్ళు ఎర్రబడవు. నీళ్ళలో దిగే ముందు అందరితో స్నానం చేయిస్తే ఇంకా నయం. షవర్లు నాలుగున్నాయి, రెండు పని చేస్తాయి, వాడమని చెప్పేవాళ్ళు లేరు.

పోటీ నీళ్ళు 25 నుంచి 28 డిగ్రీలు ఉండాలి. మేలో ఇక్కడ సాయంత్రం నీళ్ళు అంతకు బాగా పైన ఉంటాయి, చేయి పెడితేనే తెలుస్తుంది. వెచ్చటి నీళ్ళలో ఒళ్ళు వేడి దిగదు, నీళ్ళలో ఉన్నా చెమట పోస్తుంది. ప్రతి పిల్ల దగ్గర గట్టు మీద నీళ్ళ సీసా ఉండాలని ఇక్కడ నియమం పెట్టారు, బాగుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఉరుము వినిపిస్తే పూల్ ఖాళీ చేయిస్తారు. ఆ రోజుకు బదులు క్లాసు ఇస్తారా అంటే ఇవ్వరు.

ఇక 50 మీటర్ల ప్రశ్నకు తిరిగి వస్తే, అది పూర్తిగా అనవసరమైన ప్రశ్న కాదు. ఆలియా కథలోనే రెండో సగం ఉంది. 25 మీటర్ల కొలనులో ప్రపంచ విజేత, రికార్డుల యజమాని, కానీ 50 మీటర్ల కొలనులోనే జరిగే ఒలింపిక్స్‌లో ఐదుసార్లు ఈదినా పతకం రాలేదు, లండన్ నాలుగో స్థానమే అత్యుత్తమం. కజాన్‌లో 50 మీటర్లలో రజతం, 100లో కాంస్యం గెలిచింది కాబట్టి పెద్ద కొలనులో ఈదలేదని అనలేం. అక్కడ గోడ ఇచ్చే సాయం తగ్గిపోయింది, అంతే. మన దగ్గరా జాతీయ పోటీలు 50 మీటర్ల కొలనులోనే. 25లోనే పెరిగిన పిల్లలు అక్కడ 35 మీటర్ల దగ్గర గోడ కోసం వెతుక్కుంటారు. ప్రతి 25కూ గోడ తన్ని కాళ్ళకు, ఊపిరికి కాస్త వెసులుబాటు దొరకడం అలవాటైపోయి, చివరి 15 మీటర్లలో స్ట్రోక్ పొట్టిగా, తొందరగా అయిపోతుంది.

దీనికి ఈ పూల్‌లో సగం విరుగుడే ఉంది. వారానికి రెండు సెషన్లలో గోడ తన్నకుండా, 3 మీటర్ల ముందే నీళ్ళలోనే తిరిగి ఈదిస్తున్నారు. గోడ సాయం పోతే పెద్ద కొలను కష్టం కొంత తెలుస్తుంది. మిగతా సగం కోసం ఊరు దాటాల్సిందే. చెన్నై వేళచ్చేరిలో 1995 దక్షిణాసియా క్రీడల కోసం కట్టిన 50 మీటర్ల కొలను ఉంది. తిరుపతి నుంచి ఆర్టీసీ బస్సులో మూడున్నర, నాలుగు గంటలు. చిత్తూరు పిల్లలకు బెంగళూరు బసవనగుడి కొలను కూడా అందుబాటే. పోటీకి ముందు రెండు నెలల్లో నాలుగుసార్లు పెద్ద కొలనులో ఈదితే అడుగు గీత ఎంతసేపు సాగుతుందో కంటికి అలవాటవుతుంది. ఈ ప్రయాణాలను పూల్ వాళ్ళే కలిపి ఏర్పాటు చేస్తే బాగుండు. ఇప్పటికి అమ్మానాన్నలే కారు మాట్లాడుకుని తీసుకుపోతున్నారు.

ఫీజు పోటీ బ్యాచ్‌కు నెలకు 3,000, వారానికి ఆరు రోజులు, రోజుకు గంటన్నర. వేసవి క్యాంపు నడిచే ఏప్రిల్, మే నెలల్లో పోటీ పిల్లలకు రెండే లేన్లు మిగులుతాయి, ఫీజు మాత్రం అంతే. లేన్‌కు ఏడుగురు ఉంటే టర్న్ సాధన కుదరదు, గోడ దగ్గర క్యూ కడతారు. ఆ రెండు నెలలు పొద్దున 5:30 బ్యాచ్ తీసుకోవడం మేలు, నీళ్ళూ బాగుంటాయి. ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది విడిగా ఉంది, గడియ పని చేస్తుంది, లైటు ఉంది. పార్కింగ్ రోడ్డు మీదే.

పోటీ ఈత కోసమైతే, కోచింగ్ చూసి చేర్పించొచ్చు. చేర్పించేటప్పుడు మూడు విషయాలు మాట్లాడుకోండి. టర్న్ టైముల నోట్‌బుక్ నెలకోసారి చూపించాలి. జెండాలు 5 మీటర్లకు మార్చారో లేదో టేపుతో కొలిచి చూసుకోవాలి, మార్చేదాకా పిల్లల్ని ఆ వైపు గోడకు బ్యాక్‌స్ట్రోక్‌లో పంపవద్దని చెప్పాలి. టైమ్ ట్రయల్ రోజున 5వ లేన్ వద్దని ముందే అడగాలి. ఎందుకని కోచ్ గారు తిరిగి అడగరు, ఆయనకూ తెలుసు.